కోత పెట్టే ముందు ఆ ఒక్క నిమిషం: మీ ఆపరేషన్ థియేటర్‌లో చెక్‌లిస్టును పైకి చదువుతున్నారా?

కావలి_సిస్టర్ | సోమవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నేను కావలిలో 40 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ప్రతి కేస్ షీటులోనూ శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టు ఉంటుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కాగితమే అది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ గడప దాటే ముందు అని మూడు భాగాలు, మొత్తం 19 అంశాలు. కాగితానికి లోటు లేదు. కానీ ఆ రోజు జాబితాలో ఆరు కేసులుంటే ఆరు కాగితాలకూ ఉదయం ఏడున్నరకే టిక్కులు పడిపోతాయి, సంతకాలు సాయంత్రం పడతాయి. అలా టిక్కులు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పోయిన బుధవారం గర్భసంచి ఆపరేషన్ చివర మాప్‌లు, అంటే కడుపు లోపల రక్తం అద్దే గుడ్డలు, లెక్కపెడుతున్నాను. పది తెరిచాం, తొమ్మిదే వచ్చాయి. డాక్టరుగారు అప్పటికే మూయడం మొదలుపెట్టారు. ‘బకెట్‌లో ఉంటుంది, సరిగ్గా చూడమ్మా’ అన్నారు. బకెట్‌ను ప్లాస్టిక్ షీటు మీద బోర్లించి, రక్తంతో ఒకదానికొకటి అంటుకుపోయిన మాప్‌లను చేత్తో విడదీసి, ఐదేసి చొప్పున వరస పెట్టాను. తొమ్మిదే. ‘సార్, ఒకటి తక్కువ’ అని రెండుసార్లు అన్నాను గానీ గొంతు నాకే వినబడలేదు. మూడోసారి అన్నప్పుడు మత్తు డాక్టరుగారు విని ‘ఆగండి సార్’ అన్నారు. పేగులను పైకి నెట్టడానికి మాప్‌లు పెట్టిన చోట, లోపలే మడతపడి దొరికింది పదోది. రక్తంలో తడిసిన మాప్ లోపల పేగు రంగులోనే కనిపిస్తుంది. ఆమె ఈ రోజు ఉదయం క్షేమంగా ఇంటికి వెళ్ళింది. అయితే ఆమె కాగితంలో ‘లెక్క సరిపోయింది’ అన్న గడిలో టిక్కు మాత్రం బుధవారం ఉదయం ఏడున్నరకే పడి ఉంది.

ఆ టిక్కును చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఈ కాగితాన్ని నిజంగా, అందరి ముందూ, పైకి చదివే పద్ధతి మీ ఆసుపత్రుల్లో ఎవరైనా తేగలిగారా? తెచ్చి ఉంటే ఎలా మొదలుపెట్టారు? నర్సు నోటితో చెబితే సర్జన్‌గారు చేయి ఆపుతారా?

నిర్వాహకులు | సోమవారం, రాత్రి 10.05

చర్చకు స్వాగతం. దయచేసి ఏ ఆసుపత్రి పేరూ, ఏ వైద్యుని పేరూ, ఏ రోగి వివరాలూ రాయవద్దు.

నెల్లూరు_మత్తువైద్యుడు | సోమవారం, రాత్రి 11.20

సిస్టర్ గారూ, మూడోసారి కూడా అన్నారు చూడండి, ఆ రోగిని కాపాడింది అదే. మీరు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంతలో వివరంగా రాస్తాను.

ఈ చెక్‌లిస్టు, అంటే ఈ జాబితా, ఊరికే పుట్టింది కాదు. అమెరికా సర్జన్ అతుల్ గవాండే నాయకత్వంలోని బృందం 2007 అక్టోబరు నుంచి 2008 సెప్టెంబరు వరకు ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించింది. లండన్, సియాటిల్, టొరంటో, ఆక్లాండ్‌లతో పాటు మనీలా, అమ్మాన్, టాంజానియాలోని ఇఫకారా, మన కొత్త ఢిల్లీ కూడా అందులో ఉన్నాయి. జాబితా రాకముందు 3,733 మందిని, వచ్చాక 3,955 మందిని గమనించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఆపరేషన్ వల్ల వచ్చే పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. 2009 జనవరిలో ఈ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

ఇక మన జిల్లాల సంగతి. నేను ఒక్క ఆసుపత్రికి చెందినవాణ్ణి కాను. ఒకే రోజు నెల్లూరులో రెండు చోట్ల, తర్వాత కోవూరులోనో బుచ్చిరెడ్డిపాలెంలోనో మరొక చోట మత్తు ఇచ్చి వస్తుంటాను. చిన్న ఊళ్ళలో సర్జన్ కూడా చాలాసార్లు నాలాగే కారులో వచ్చి వెళ్ళేవారే. అంటే రోగి చుట్టూ నిలబడ్డ ఐదారుగురిలో ఒకరి పేరు ఒకరికి తెలియదు. కోత పెట్టే ముందు అందరూ తమ పేరూ తాము చేసే పనీ చెప్పాలని జాబితాలో ఉన్న అంశాన్ని చాలామంది పెద్ద ఊళ్ళ మర్యాదగా భావించి దాటేస్తారు. నా అనుభవంలో మన ఊళ్ళకు అన్నిటికంటే అవసరమైన అంశం అదే.

రెండేళ్ళ క్రితం ఒక చోట రోగికి ఆక్సిజన్ శాతం పడిపోతుంటే ‘ఎవరైనా ఆంబూ బ్యాగ్ అందుకోండి’ అన్నాను, చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచి అది. గదిలో నలుగురున్నారు. ప్రతి ఒక్కరూ పక్కవారు కదులుతారనుకున్నారు. పది సెకన్లు పోయి ఉంటాయేమో, నాకు మాత్రం పది నిమిషాలనిపించింది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు పేర్లు అడిగి, ఎదుట ఉన్న తెల్లబోర్డు మీద రాయిస్తున్నాను. పేరు పెట్టి పిలిస్తే మనిషి కదులుతాడు. అంతేకాదు, ఒకసారి తన పేరు పైకి చెప్పుకున్న మనిషికి తర్వాత ‘ఒకటి తక్కువ సార్’ అనడానికి కూడా గొంతు వస్తుంది.

జాబితాను మీ ఊరికి తగినట్టు మార్చుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థే అలా మార్చుకోమని చెప్పింది. మేము చేర్చుకున్న ఒక్క మాట చెబుతాను. ‘అదనపు ఆక్సిజన్ సిలిండర్ ఉందా’ అని అడిగేవాళ్ళం, ‘ఉంది’ అనేవారు. ఒకరోజు పైప్‌లైన్ ప్రెషర్ పడిపోయింది. సిలిండర్ ఉంది, నిండుగా ఉంది, దాన్ని తిప్పే కీ మాత్రం పక్క వార్డులో ఉంది. ఇప్పుడు ఆ ప్రశ్న ‘సిలిండర్‌కు కీ తగిలించి ఉందా’ అయింది.

ఒంగోలు_సర్జన్ | మంగళవారం, ఉదయం 6.15

ముప్పై ఏళ్ళుగా ఆపరేషన్లు చేస్తున్నవాడిగా ఇంకో కోణం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. ఎనిమిది ఆసుపత్రుల అధ్యయనంలో జాబితా వాడని మరొక గుంపుతో పోల్చలేదు, ముందూ తర్వాతా మాత్రమే చూశారు. 2014లో కెనడాలోని అంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే మరణాలు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి మారాయి, గణాంకశాస్త్రం ప్రకారం అది తేడా కిందికి రాదు. చిక్కులు కూడా దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాగితాన్ని ఒక మంత్రంలా చూడటం నాకు భయం కలిగిస్తుంది. కాగితం ఉంది కదా అని శ్రద్ధ తగ్గే ప్రమాదం ఉంది.

రెండో మాట. మన దగ్గర రోజుకు పదిహేను కేసులు జరిగే రోజులుంటాయి. ప్రతి కేసుకూ మూడుసార్లు ఆగితే చివరి రోగి ఆకలితో రాత్రి ఎనిమిది వరకు ఉండిపోతాడు. ఆ ఇబ్బంది కూడా రోగి భద్రతలో భాగమే కదా?

బిట్రగుంట_లోకో | మంగళవారం, ఉదయం 8.50

డాక్టరుగారికి నమస్కారం. నేను వైద్యం తెలిసినవాణ్ణి కాదు, రైలింజను నడిపి రిటైరైనవాణ్ణి. బిట్రగుంటలోనే పుట్టాను, గూడూరు–విజయవాడ మధ్య ఎన్ని వేలసార్లు తిరిగానో లెక్కలేదు. ‘పైకి చదవడం’ అనే మాట చూసి ఆగలేక రాస్తున్నాను.

మా ఉద్యోగంలో ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం పైకి పలకాలి. అసిస్టెంటు చేయి చాపి, స్టేషన్‌కు ముందుండే హోమ్ సిగ్నల్‌ను చూసి ‘హోమ్ పసుపు’ అంటే నేనూ చూసి ‘హోమ్ పసుపు’ అనాలి. పడుగుపాడు, కొడవలూరు, తలమంచి సిగ్నళ్ళు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇద్దరికీ కనబడుతున్న దీపాన్ని మళ్ళీ నోటితో చెప్పడమెందుకని కొత్తలో నాకూ అనిపించేది. ఒకసారి తెల్లవారుజామున మూడున్నరకు, నిద్ర ముంచుకొచ్చే వేళ, నేను ‘పచ్చ’ అన్నాను. అసిస్టెంటు కుర్రవాడు ‘కాదన్నా, డబుల్ ఎల్లో’ అన్నాడు, అంటే జాగ్రత్తగా వెళ్ళమనే రెండు పసుపు దీపాలు. వాడు సర్వీసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. మనసులో అనుకుని ఊరుకుంటే వాడికి నా తప్పు తెలిసేదే కాదు. పైకి అన్నాను గనుక వాడు దిద్దాడు.

పోయిన ఏడాది నాకు హెర్నియా ఆపరేషన్ జరిగింది. వార్డులో ఒకసారి, థియేటర్ తలుపు దగ్గర ఒకసారి, బల్ల మీద ఒకసారి ‘మీ పేరేంది, ఏ ఆపరేషన్, ఏ వైపు’ అని అడిగారు. మా ఆవిడకు కోపం వచ్చింది, ‘పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చెప్పాలి’ అంది. నేను మాత్రం మూడుసార్లూ ‘కుడి’ అని గట్టిగా చెప్పాను. ఆ పిలుపు నాకు తెలిసిన పిలుపే.

కనిగిరి_కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2.30

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మా అత్తమ్మ బావి గట్టు మీద జారిపడి తుంటి విరిగింది. ఊరు, ఆసుపత్రి చెప్పను. ఆపరేషన్ రోజు ఉదయం ఒక అబ్బాయి వచ్చి కాలు శుభ్రం చేసి, గుడ్డ చుట్టి వెళ్ళాడు. తీరా చూస్తే చుట్టింది మంచి కాలుకు. విరిగింది ఎడమ కాలు, అతను అత్తమ్మకు ఎదురుగా నిలబడి తన ఎడమ చేతి వైపు ఉన్న కాలును పట్టుకున్నాడు. నేను వెంటనే చెప్పాను, వాళ్ళూ వెంటనే మార్చారు, క్షమించమన్నారు. కానీ నేను ఆ సమయానికి టీ తాగడానికి కిందికి వెళ్ళి ఉంటే?

అత్తమ్మకు మాత్రం తెలియదా అని మీరడగవచ్చు. ఆమె నొప్పితో, రాత్రి ఇచ్చిన మందుతో మగతగా ఉంది. పైగా మా పల్లెల్లో పెద్దవాళ్ళు డాక్టరు ముందు నోరు విప్పరు. ‘వాళ్ళకు తెలవదా ఏంది’ అంటారు. మమ్మల్ని కూడా ఆ జాబితాలో ఒక మనిషిగా లెక్కపెట్టాలని నా విన్నపం. ఆపరేషన్ ఏ వైపో ఒంటి మీద గుర్తు పెట్టేటప్పుడు ఇంటివాళ్ళలో ఒకరిని పక్కన నిలబెట్టండి.

నెల్లూరు_మత్తువైద్యుడు | మంగళవారం, సాయంత్రం 7.10

అమ్మా, మీరన్నది అక్షరాలా నిజం. రోగి మెలకువగా ఉన్నప్పుడే, రోగి చేత చెప్పించి గుర్తు పెట్టాలి. అయోడిన్ పూసినా చెరగని మార్కరుతో బాణం గుర్తు వేయాలి. ఇంటూ గుర్తు వేయకూడదు, దాన్ని ‘ఇక్కడ వద్దు’ అని అర్థం చేసుకునే వీలుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘మీరు పెంచలమ్మేనా’ అని అడిగితే ఎవరైనా తల ఊపుతారు. మన జిల్లాలో పెంచలకోన స్వామి పేరు పెట్టుకోని ఊరు లేదు, ఒకే వార్డులో ఒకే రోజు ఇద్దరు పెంచలమ్మలు, ముగ్గురు పెంచలయ్యలు ఉండటం నేను చూశాను. కందుకూరు వైపు వెళితే మాలకొండయ్యలతో అదే పరిస్థితి. అందుకే ‘మీ పేరేందమ్మా, ఇంటిపేరేంది, ఏ ఊరు’ అని అడిగి, వారి నోటి నుంచి వచ్చిన జవాబును చేతిపట్టీతోనూ కేస్ షీటుతోనూ సరిచూడాలి.

ఒంగోలు డాక్టరుగారికి. సార్, అంటారియో లెక్కలు మీరు చెప్పినవే. అయితే అక్కడ వాడకం ఎంతో ప్రకటించి తీరాలని ప్రభుత్వం ఆదేశించింది, మొదలుపెట్టాక మూడు నెలల లెక్కలే తీశారు. ‘మేము వాడుతున్నాం’ అని చెప్పింది ఆసుపత్రులే. థియేటర్‌లో నిలబడి ఎవరూ చూడలేదు. కావలి సిస్టర్ గారి ఏడున్నర టిక్కులు కూడా లెక్కల్లో నూటికి నూరు శాతం వాడకం కిందికే వస్తాయి. మీ అనుమానం కాగితం మీద అయితే నేను మీతో ఏకీభవిస్తాను. ఆగి, పైకి చదివి, జవాబు వినడం మీద కూడా అనుమానమేనా అన్నది నా ప్రశ్న.

ఆత్మకూరు_గైనిక్ | మంగళవారం, రాత్రి 10.45

నేను కాన్పుల డాక్టరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పులకు కూడా ఇటువంటి జాబితా చేసింది. దాన్ని ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పక్కన నిలబడి నేర్పేవారు వస్తున్నంత కాలం చేయవలసిన పనులు బాగా పెరిగాయి, వారి రాక తగ్గాక ఆ పనులూ తగ్గాయి. తల్లీబిడ్డల మరణాల్లో తేడా రాలేదు. ఈ అధ్యయనం చదివాక నేను రెండు విషయాలు ఒప్పుకున్నాను. నేర్పేవారు ఆసుపత్రిలోనే ఉండాలి, బయటినుంచి వచ్చిపోయేవారైతే చాలదు. రక్తం, మందులు, మనుషులు లేని చోట జాబితా వాటిని పుట్టించలేదు.

అయినా నేను వాడుతున్నాను. అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతుంటే సిజేరియన్‌కు పరుగెత్తే వేళ 19 అంశాలు చదవలేం. మేము నాలుగు మాత్రం వదలం: పేరు, అలర్జీ, రక్తం ఎక్కడుంది, యాంటీబయోటిక్ పడిందా. ఈ నాలుగూ బల్ల మీదికి మార్చేటప్పుడే పలుకుతాం, చేతులు ఆగవు. ‘రక్తం ఉందా’ అనడం మానేశాం, ఎందుకంటే రసీదు చేతిలో ఉన్నవారు కూడా ‘ఉంది’ అంటారు. బ్యాగు మన ఫ్రిజ్‌లో ఉందా, నెల్లూరు నుంచి దారిలో ఉందా అన్నది తేలాలి.

యాంటీబయోటిక్ మీద ఇంకొక మాట. కోతకు ముందు 60 నిమిషాల లోపు పడాలి. మన వార్డుల్లో ఉదయం ఆరింటికి అందరికీ ఇంజెక్షన్లు వేసే అలవాటుంది. పదకొండింటికి బల్ల ఎక్కే రోగికి ఆరింటి మందు ఏ మేరకు మిగిలి ఉంటుంది? ‘ఇచ్చారా’ అని అడిగితే ‘ఇచ్చాం’ అన్న జవాబు నిజమే అవుతుంది, రోగికి ఉపయోగం ఉండదు. ‘ఎన్నింటికి ఇచ్చారు’ అని అడగాలి.

ఒంగోలు_ల్యాబ్ | బుధవారం, ఉదయం 10.00

చెక్‌లిస్టు మూడో భాగాన్ని అందరూ మాప్‌ల లెక్కతో ముగించేస్తున్నారు. ఒంటిలోంచి తీసి పరీక్షకు పంపే ముక్క సీసా మీది పేరును పైకి చదవాలని కూడా అందులో ఉంది. మా దగ్గరికి పేరు లేని సీసాలు, మూత మీద మాత్రమే పేరు రాసిన సీసాలు వస్తాయి. రెండు సీసాల మూతలు ఒకేసారి తీస్తే ఏ మూత దేనిదో ఎవరు చెప్పగలరు? ఆ సీసాలో ఉన్నది రొమ్ము గడ్డలోంచి తీసిన ముక్క కావచ్చు. దయచేసి పేరు సీసా ఒంటి మీద రాయండి.

ఒంగోలు_సర్జన్ | బుధవారం, రాత్రి 9.30

రెండు రోజులుగా ఇక్కడి మాటలు చదువుతున్నాను. మత్తు డాక్టరుగారి ప్రశ్నకు సూటిగా జవాబివ్వాలి గనుక ఈ రోజు నా థియేటర్‌లో ఐదు కేసులకు పైకి చదివించి, గడియారం పెట్టి చూశాను. మొదటి కేసుకు కోత ముందరి భాగానికి మూడు నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఎవరు చదవాలో తేల్చుకోవడానికే సగం పోయింది. ఐదో కేసుకు ఒక నిమిషం పది సెకన్లు. ఆలస్యం గురించి నేను రాసిన మాటను ఉపసంహరించుకుంటున్నాను.

నాలుగో కేసు మూత్రపిండంలో రాయి. రోగిని బోర్లా పడుకోబెట్టాక కుడి ఎడమలు చూసేవాడికి తారుమారవుతాయి, అందుకే నేను ఎప్పుడూ ఎక్స్‌రే ఫిల్మ్ చూసుకునే మొదలుపెడతాను. ఈ రోజు చదువుతున్న అమ్మాయి ‘ఎడమ’ అంది, నేనూ ‘ఎడమ’ అన్నాను, టెక్నీషియన్ మాత్రం ‘సార్, ఫిల్మ్ తిరగేసి పెట్టినట్టుంది’ అన్నాడు. రోగిది నిజంగా ఎడమే, ఒంటి మీద బాణమూ ఎడమకే ఉంది, ఫిల్మ్ మాత్రం తిరగేసి ఉంది. ఏ హానీ జరగలేదు. కానీ ఆ కుర్రవాడు నా దగ్గర ఆరేళ్ళుగా ఉన్నాడు, నా థియేటర్‌లో అతను తనంతట తాను నోరు తెరిచి ఒక మాట అనడం ఇదే మొదటిసారి అని ఇంటికి వచ్చాక తట్టింది. ఆరేళ్ళలో అతను చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నవి ఎన్ని ఉన్నాయో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సిస్టర్ గారూ, నర్సు చెబితే సర్జన్ ఆగుతాడా అని అడిగారు. ఆపమని సర్జనే ముందుగా అందరి ఎదుటా చెప్పి ఉంటే ఆగుతాడు. రేపు నేను ఆ మాట చెప్పబోతున్నాను: లెక్క తప్పిందని ఎవరన్నా సరే, నా చేయి అక్కడే ఆగుతుంది.

ఎనిమిది ఆసుపత్రుల సిబ్బందిని అప్పట్లో ఒక ప్రశ్న అడిగారు, మీకే ఆపరేషన్ జరిగితే ఈ జాబితా వాడాలని కోరుకుంటారా అని. 93 శాతం మంది కోరుకుంటామన్నారు. ఆ సంఖ్య నేను ఎన్నడో చదివాను గానీ, ఆ ప్రశ్న నన్ను నేను ఈ రోజే వేసుకున్నాను.

కావలి_సిస్టర్ | శనివారం, రాత్రి 9.15

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను గురువారం ఉదయమే ముద్రించి మా మేనేజ్‌మెంటుకూ, మా సర్జన్‌గారికీ చూపించాను. సర్జన్‌గారు ఒంగోలు డాక్టరుగారి రెండో జాబు రెండుసార్లు చదివి, ‘ఈ రోజు నుంచే పెడదాం, చదివేది నువ్వే’ అన్నారు. ఉదయం టిక్కులు ఆగిపోవాలని కాగితాలను కేస్ షీట్లలోంచి తీసేసి, థియేటర్ లోపల గోడకున్న అరలో పెట్టాం. రోగి లోపలికి వచ్చాకే కాగితం చేతికి వస్తుంది.

గురువారం నాలుగు, శుక్రవారం ఐదు, ఈ రోజు మూడు కేసులు జరిగాయి. పన్నెండింటిలో తొమ్మిదింటికి మూడు భాగాలూ చదివాం. మిగిలిన మూడూ ఎముకల డాక్టరుగారివి. ఆయన నెల్లూరు నుంచి శుక్రవారం సాయంత్రం వస్తారు, వచ్చేసరికి రోగిని సిద్ధం చేసి గుడ్డలు కప్పి ఉంచాలంటారు. నేను కాగితం తీసేలోపే కోత పెట్టేశారు. ఆయన మంచి మనిషే, తొందర మనిషి. ఆయనకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నెల్లూరు_మత్తువైద్యుడు | శనివారం, రాత్రి 10.30

ఆయన అడిగే కత్తి మీ ట్రాలీ మీదే ఉంటుంది కదమ్మా. చదవడం పూర్తయ్యేవరకు దాన్ని తడి మాప్ కింద ఉంచండి. ఆయన చేయి చాచినప్పుడు కత్తికి బదులు మీ పేరు చెప్పండి, తర్వాత ఆయన పేరు అడగండి. వచ్చే శుక్రవారం సాయంత్రం నాకు కేసులు లేవు. మీ మేనేజ్‌మెంటు ఒప్పుకుంటే ఆ సాయంత్రమంతా మీ పక్కన నిలబడతాను.